కంగారుపడే కంప్యూటర్

జూన్ 2

ఒరేయ్ రిపేరూ,

మేమిక్కడ క్షేమం అని రాయాలంటే ముందు నా కంప్యూటర్ క్షేమంగా ఉండాలి. అది లేదు. కాబట్టి ఆ మాట దాటేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

నువ్వు కొండ మీద గాలీ వానా కొలిచే ఉద్యోగంలో హాయిగా కూర్చున్నావు. అక్కడ సెల్‌ఫోన్ పలకదు. ఆఫీసు ఫోన్‌లో వర్షం అంకెలు తప్ప ఇంకో ముక్క మాట్లాడనివ్వరు. వారానికోసారి జీపు వస్తేనే ఉత్తరం. మన ఇంటి మొత్తానికి కంప్యూటర్ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే, అవసరానికి దొరకనివాడివీ నువ్వొక్కడివే.

ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా రిటైరైన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్ళుగా, రోజూ సాయంత్రం నేను దానితో ఒక ఆట చదరంగం ఆడతాను. ఆ ఆట ఎక్కించింది నువ్వే. రోజూ గెలిచేది నేనే. నేను ఎత్తు వేసి చెయ్యి తీసేలోపే అది కంగారుపడి ఏదో ఒక ఎత్తు వేసేస్తుంది. పాపం అనిపిస్తుంది కూడా. ఇప్పుడు కొత్త వేషం మొదలుపెట్టింది. సరిగ్గా నేను గెలవబోయే సమయానికి టక్కున ఆరిపోతోంది. ఈ వారంలో నాలుగుసార్లు అయింది. ఓడిపోతానని తెలిసి కరెంటు తీసేసుకునే ఆటగాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇదివరకైతే ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు పీకల మీదకి వచ్చింది. మా వీధిలోకి ఒక పళ్ళ డాక్టరు కొత్తగా దిగాడు. దిగిన మూడో రోజే రీడింగ్ రూములో కిటికీ పక్కన నా కుర్చీలో కూర్చున్నాడు. వెలుతురూ గాలీ వచ్చే కుర్చీ అదొక్కటే. లేవమన్నాను. “మీ పేరు రాసుందా?” అని కుర్చీ వెనక్కి తిరిగి మరీ చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయి, చదరంగంలో నెగ్గినవాడిదే కుర్చీ అని పదిమందిలో అనేశాను. ఆగస్టు 16న పోటీ. ఓడితే నా చోటు తలుపు దగ్గర బెంచీ, చెప్పుల పక్కన.

కాబట్టి నాకు రెండు కావాలి. ఆరిపోకుండా ఉండటానికి కొత్త పవర్ సప్లై. కాస్త గట్టిగా ఆలోచించే కొత్త ప్రాసెసర్. కంగారుపడే దానితో సాధన చేస్తే నాకేం ఒరుగుతుంది?

ఇట్లు,
నీ బావ, ప్రస్తుతానికి కుర్చీ ఉన్నవాడు

జూన్ 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చేతికి వచ్చేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. గాలి వేగం కొలిచే గిన్నెల్లో ఒక పిచ్చుక గూడు పెట్టింది. దాని పుణ్యమా అని మూడు రోజులు మా కొండ మీద గాలే లేదని పై ఆఫీసుకు లెక్క పంపాం. ఆ మూడు రోజుల్లోనే వంటగది రేకు ఎగిరిపోయింది.

మీ కంప్యూటర్ పారిపోవడం లేదు బావగారూ. పవర్ సప్లై ముసలిదైంది, అంతే. ఇక్కడ స్టోరులో మంచిదొకటి ఉంది, మా ఇంజనీరుని అడిగాను, తీసుకోమన్నాడు. పంపుతాను.

ప్రాసెసర్ మాత్రం మార్చకండి. ఉన్నది బాగానే ఉందిగా. అలవాటైన ప్రాణం. పోటీ ముందు పెట్టుకుని దాన్ని కదపడం ఎందుకు?

అక్క ఏమంటోంది?

మీ బావమరిది

జూన్ 16

రిపేరూ,

మీ అక్క ఏమంటోందా? “ఉన్నది బాగానే ఉందిగా” అంటోంది. నువ్వు రాసిన మాటే, అక్షరం పొల్లు పోకుండా. నలభై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి, ఒకే వాక్యం రెండు చోట్ల కనిపిస్తే నా కన్ను ఆగుతుంది. మీ అక్కాతమ్ముళ్ళు ఏ విషయంలోనూ ఏకం కారు. మీ ఇంటి గోడగడియారం నువ్వే విప్పావో, ఆమె విప్పమందో తేలక ఇప్పటికీ వాదించుకుంటారు. నా ప్రాసెసర్ దగ్గరకి వచ్చేసరికి ఒక్క గొంతు అయిపోయారేం?

నాకు అర్థమైంది. నీకు ఇవ్వడం ఇష్టం లేదు. మీ స్టోరులో పాత మిషన్లు గుట్టగా పడి ఉన్నాయని పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు నువ్వే గొప్పలు చెప్పావు. వాటిలో నా బోర్డుకి సరిపోయే ప్రాసెసర్ ఉందని కూడా అన్నావు. ఇప్పుడు అడిగేసరికి అలవాటైన ప్రాణం గుర్తొచ్చింది.

నేనేం ముష్టి అడగటం లేదు. బావనని అడుగుతున్నాను. ఇష్టం లేకపోతే లేదని రాయి, పళ్ళ డాక్టరునే అడుగుతాను. పన్ను పీకినంత తేలిగ్గా పీకి పెడతాడు.

బావ

జూన్ 23

బావగారూ,

అంత మాట అన్నారు. పవర్ సప్లై, ప్రాసెసర్, ప్రాసెసర్ వేడిని లాగే పూతకి ఒక చిన్న ట్యూబు, మూడూ పార్సిల్‌లో పెట్టాను. పవర్ సప్లై వాటి మీద పడకుండా నా స్వెట్టరు చుట్టాను. స్వెట్టరు వెనక్కి పంపండి, ఇక్కడ చలి.

ఎలా బిగించాలో వేరే కాగితం మీద నంబర్లు వేసి రాశాను. ఒకటి నుంచి పన్నెండు. వరసగా చెయ్యండి. ముఖ్యమైనవి మళ్ళీ చెప్తున్నాను. ప్లగ్గు పీకాకే మూత తియ్యండి. లోపల ఏది ముట్టుకునే ముందైనా ఇనుప వస్తువు ముట్టుకోండి, లేకపోతే ఒంట్లో ఉండే కరెంటు ప్రాసెసర్‌ని తినేస్తుంది. ప్రాసెసర్ మూల మీద చిన్న త్రికోణం ఉంటుంది, సాకెట్ మీద త్రికోణంతో కలిపి పెట్టండి, నొక్కకండి, దానంతట అది కూర్చుంటుంది. పైన పూత బఠాణీ గింజంత చాలు. దాని మీద ఫ్యాను.

పాత ప్రాసెసర్ పారెయ్యకండి. దాచండి. ఎందుకని అడగకండి.

మీ బావమరిది

జూన్ 30

రిపేరూ,

పని సగంలో ఆగింది. తప్పు నీది.

నీ కాగితంలో ఆరు తర్వాత ఎనిమిది ఉంది. ఏడు లేదు. ఆరు: పవర్ సప్లై పెద్ద ప్లగ్గు బోర్డుకి పెట్టండి. ఎనిమిది: హార్డ్ డిస్క్ వైరు పెట్టండి. మధ్యలో ఏముంది? పుస్తకంలో పేజీ జారిపోతే తర్వాతి పేజీ అచ్చుకి వదలడం నాకు చేతకాదు. ఏడు వచ్చేవరకూ ఎనిమిది ముట్టుకోను.

ఇంకొకటి. బఠాణీ గింజంత అన్నావు. పచ్చి బఠాణీయా, ఎండు బఠాణీయా? రెండూ పళ్ళెంలో పెట్టి చూశాను, చాలా తేడా ఉంది.

ఇక ఇనుప వస్తువు. మన ఇంట్లో గట్టి ఇనుము అంటే బీరువానే. అది పడగ్గదిలో ఉంది. ఒక చేత్తో బీరువా పట్టుకుని రెండో చేత్తో పని చేద్దామని, కంప్యూటర్‌తో సహా భోజనాల బల్లని పడగ్గదికి లాగాను. బల్ల గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. పోనీ సామాను దింపి ఊడదీద్దామంటే, స్క్రూలన్నీ విప్పిన వరసలో బల్ల మీద పేర్చి, ఒక్కోదాని కింద చీటీ పెట్టాను. కదిపితే వరస పోతుంది. మీ అక్కా నేనూ మూడు రోజులుగా బల్ల కింద నుంచి పాక్కుంటూ పడగ్గదిలోకి వెళ్తున్నాం. ఆమె నీ గురించి రెండు ముక్కలు రాయమంది. అవి నేను రాయను, నువ్వు ఊహించుకో.

పళ్ళ డాక్టరు నిన్న రీడింగ్ రూములో “సాధన ఎలా సాగుతోంది?” అని అడిగాడు. బ్రహ్మాండం అన్నాను. మోకాళ్ళు కొట్టుకుపోయి ఉన్నాయి.

ఇట్లు,
ఏడు కోసం ఎదురుచూసే బావ

జూలై 7

బావగారూ,

నా తలప్రాణం తోకకి వచ్చింది. ఏడు లేదు. రాస్తున్నప్పుడు వాన లెక్క చూపే ముల్లు చూడటానికి లేచి వెళ్ళాను, తిరిగొచ్చి తప్పు నంబరు వేశాను. అంతే. మీరు ఎనిమిదికి వెళ్ళిపోండి.

ఎండు బఠాణీ.

బీరువా అక్కర్లేదు బావగారూ. కంప్యూటర్ పెట్టె కూడా ఇనుమే. దాన్ని ముట్టుకుంటే చాలు. ఈ మాట ముందే రాయనందుకు అక్కకి నా తరఫున దణ్ణం పెట్టండి.

స్వెట్టరు అందలేదు.

మీ బావమరిది

జూలై 14

రిపేరూ,

ఎనిమిది నుంచి పన్నెండు దాకా చేశాను. ఎండు బఠాణీయే పెట్టాను. బల్ల కాళ్ళు ఊడదీసి గుమ్మంలోంచి బయటపడేశాను, కంప్యూటర్ నా మూల చేరింది. స్విచ్ వేశాను. ఫ్యానులన్నీ తిరిగాయి. దీపం వెలిగింది. మీ అక్క నా వెనకే నిలబడింది.

తెర మీద ఏమీ లేదు. నలుపు. ముప్పావు గంట చూశాను. “బాగు చేశారుగా” అంది మీ అక్క, అదోలా. ఆ గొంతులో బాధ వినపడాలి, నాకేమో ఊరట వినపడింది. ఆడవాళ్ళ గొంతు నాకెప్పుడూ సరిగ్గా అర్థం కాదనుకో.

ఆగస్టు 16కి ఇంక నెల రోజులే ఉంది. నెలన్నర నుంచి ఒక్క ఆట పూర్తిగా ఆడలేదు. నాకు భయంగా ఉంది రా. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. ఆ కుర్చీలో కూర్చోకపోతే రిటైరైనవాడు పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి ఎక్కడికి వెళ్తాడు?

ఏడు ఉంది. నువ్వు మర్చిపోయావు. ఆలోచించు.

బావ

జూలై 21

బావగారూ,

చెంపలు వేసుకుంటున్నాను. ఏడు ఉంది.

పవర్ సప్లై నుంచి పెద్ద ప్లగ్గు కాక చిన్నది, నాలుగు రంధ్రాలది, ఇంకొకటి వస్తుంది. ప్రాసెసర్ పక్కనే దానికి చోటుంటుంది. ప్రాసెసర్‌కి కరెంటు దానిలోంచే వెళ్ళాలి. అది పెట్టకపోతే ఫ్యానులు తిరుగుతాయి గానీ బుర్ర పనిచెయ్యదు. వాన ముల్లు చూడటానికి లేచినప్పుడు నేను సరిగ్గా అదే రాయబోతున్నాను. మీరు ఆగడం న్యాయమే. నేనే మిమ్మల్ని తోశాను.

ఒక్క మనవి. వెలిగాక దానితో వెంటనే చదరంగం ఆడకండి. కొత్త ప్రాసెసర్ కదా, కొన్నాళ్ళు దాన్ని కుదురుకోనివ్వాలి. పోటీ అయ్యాక ఆడండి. అంతదాకా ఉత్తరాలు రాసుకోండి, పాటలు వినండి.

మీ బావమరిది

జూలై 28

ఏరా,

కుదురుకోనివ్వాలా? నా చెవిలో పువ్వు కనిపించిందా నీకు?

చిన్న ప్లగ్గు పెట్టాను. వెలిగింది. ఆడాను. ఇరవై రెండు ఎత్తుల్లో ఓడిపోయాను. తప్పు చోట నొక్కాననుకున్నాను. మళ్ళీ ఆడాను. పద్దెనిమిది. నాలుగు రోజుల్లో తొమ్మిది ఆటలు, తొమ్మిదీ ఓడిపోయాను. నిన్నటిదాంట్లో నా మంత్రి ఎలా పోయాడో ఇప్పటికీ తెలియలేదు. చూస్తూండగానే లేడు.

అది ఇదివరకటిలాగే కంగారుగా, నేను చెయ్యి తీసేలోపే ఎత్తు వేస్తోంది. కానీ ఆ కంగారులోనే నన్ను చావగొడుతోంది. ఇదెలా సాధ్యం? నువ్వు ఆ ప్రాసెసర్‌లో ఏదో పెట్టి పంపావు. గడియారం విప్పినవాడివి, ఏమైనా చేస్తావు. ఇష్టం లేకుండా ఇచ్చిన వస్తువు ఇలాగే ఉంటుంది.

నాలుగు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. మీ అక్కతో మాట్లాడబుద్ధి కావడం లేదు. పోటీ నుంచి తప్పుకుంటున్నానని రీడింగ్ రూము పెద్దాయనకి కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. నీ జవాబు వచ్చేవరకూ ఇవ్వను. ఈసారి నిజం రాయి.

బావ

ఆగస్టు 4

బావగారూ,

నిజం రాస్తున్నాను. కూర్చుని చదవండి. అక్కని ఏమీ అనకండి.

ప్రాసెసర్‌లో ఏమీ పెట్టలేదు. పదకొండేళ్ళ కిందట ఆ ఆటలో పెట్టాను. మీరు రిటైరైన కొత్తలో మొదటి వారం అది మిమ్మల్ని రోజూ ఓడించింది, మీకు గుర్తుండదు. మీరు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఎవరితోనూ మాట లేదు. నేనప్పటికింకా కొండెక్కలేదు, అక్క ఫోన్ చేసి నన్ను పిలిపించింది. “ఏం చేస్తావో నాకు తెలియదు, ఆయన గెలవాలి” అంది. ఎత్తుకి ఎంతసేపు ఆలోచించాలో ఆ ఆటకి మనం చెప్పొచ్చు. ఒక్క సెకను అని పెట్టాను. మీ పాత ప్రాసెసర్ ముసలి ఎద్దు కదా, సెకనులో రెండెత్తుల కంటే ముందుకి చూడలేదు. మీరు కంగారు అనుకున్నది ఆ సెకనునే.

కొత్త ప్రాసెసర్‌కీ అదే సెకను. కానీ ఇది ఆ సెకనులోనే పది ఎత్తులు ముందుకి చూసేస్తోంది. అందుకే పంపనన్నాను. పిసినారితనం కాదు, భయం.

పాత ప్రాసెసర్ దాచమన్నది ఇందుకే. వెనక్కి పెట్టేస్తే ఎప్పటిలా గెలుస్తారు. మీ ఇష్టం. మీరు బాగా ఆడతారో లేదో నాకు తెలియదు బావగారూ. నా మూలంగా మీకూ తెలియకుండా పోయింది. దానికి నన్ను తిట్టండి, పడతాను.

తప్పు చేసిన
మీ బావమరిది

ఆగస్టు 25

రిపేరూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి కడుపు మండిపోయింది. మూడోసారి ఎర్ర పెన్ను తీసుకుని అచ్చుతప్పులు దిద్దాను. నాలుగున్నాయి. చెయ్యి ఏదో ఒకటి చెయ్యాలి కదా.

రెండు రోజులు మీ అక్క ముఖం చూడలేదు. పాత ప్రాసెసర్ చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. బొటనవేలి కంటే కొంచెం పెద్దది, అంతే. పదకొండేళ్ళ నా గొప్పంతా దీని నిదానమేనా అనుకుంటే ఏడుపొచ్చింది. పెట్టేద్దామనే అనుకున్నాను. తర్వాత సొరుగులో పడేసి, కొత్తదానితోనే రోజుకి మూడు ఆటలు ఆడాను. అన్నీ ఓడిపోయాను. జేబులో కాగితం మాత్రం చింపేశాను.

16న వెళ్ళాను. మూడు గంటల ఆట. పళ్ళ డాక్టరు ఎత్తు ఎత్తుకీ పళ్ళు నూరాడు, ఆయన వృత్తికి అది మంచిది కాదని పెద్దాయన మందలించాడు. నలభై ఎత్తులకి ఓడిపోయాను. నిజంగా, ఎవరూ ఏమీ సర్దకుండా, నా అంతట నేను ఓడిపోయాను. కుర్చీ ఆయనదైంది. వెంటనే అందులో కూర్చుని, “ఇక్కడ ఎండ ముఖాన కొడుతోందే” అన్నాడు. పదకొండేళ్ళలో నేనది ఒక్కసారి కూడా బయటికి అనలేదు.

ఇంటికి వచ్చి నేరుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మీ అక్క కూరలు తరుగుతోంది. ఓడిపోయానన్నాను. కత్తి ఆగింది. నీ ఉత్తరం సంగతి చెప్పి, ఎందుకు చేశావు, నేను గెలుస్తున్నాననుకుంటే నీకేమిటి లాభం, అని అడిగాను. గొంతు పెద్దదే అయింది, దాచను.

తలెత్తకుండా చెప్పింది. “గెలిచిన రోజు మీరు ఇక్కడికొచ్చి, గట్టుకి ఆనుకుని, ఆట మొత్తం మొదట్నుంచి చెప్పేవారు. ఓడిన వారం రోజులూ ఈ ఇంట్లో మాట లేదు. అంతకుముందు నలభై ఏళ్ళూ మీరు ప్రెస్సులోనే ఉన్నారు. నాకు ఆ కబుర్లు కావాలనిపించింది.”

నేను గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె వింటోందని అనుకోలేదు.

ఏం చెయ్యాలో తెలియక, గట్టుకి ఆనుకుని ఆ ఓడిపోయిన ఆట చెప్పడం మొదలుపెట్టాను. ఓడిన ఆట చెప్పడం అదే మొదలు. ఇరవై ఆరో ఎత్తు దగ్గరికి వచ్చాను. ఆయన ఏనుగు నా గుర్రం మీదకి వచ్చింది, గుర్రాన్ని వెనక్కి తీశాను అన్నాను. మీ అక్క చేతిలో కత్తి గట్టు మీద పెట్టింది.

“వెనక్కెందుకు తీశారు? గుర్రాన్ని అక్కడే వదిలేసి మంత్రిని ముందుకి తొయ్యాల్సింది. ఆయన ఏనుగు గుర్రాన్ని తినడానికి వెళ్తే వెనక రాజు ఒంటరిగా ఉంటాడుగా. మూడెత్తుల్లో అయిపోయేది.”

బల్ల మీద పావులు పేర్చి చూశాను. మూడెత్తుల్లో అయిపోయింది.

ఎప్పుడు నేర్చుకున్నావు అని అడిగాను. ఎవరు నేర్పారు, మీరు చెప్తూంటే విన్నాను, అంది. పదకొండేళ్ళు, రోజుకో ఆట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి వచ్చి దగ్గొచ్చింది. మీ అక్క మంచినీళ్ళు ఇచ్చింది.

ఇప్పుడు కంప్యూటర్ జోలికి పోవడం లేదు. రోజూ మీ అక్కా నేనూ ఆడుతున్నాం. ఆమె కంగారుపడదు. వచ్చే నెల రీడింగ్ రూములో పళ్ళ డాక్టరు మీద పోటీకి ఆమె పేరు ఇచ్చాను. ఆయన సరేనన్నాడు, పాపం. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ నా కోసం దేన్నీ నిదానం చెయ్యకు.

స్వెట్టరు మీ అక్క ఉతికింది, ఈ పార్సిల్‌లో ఉంది. దానితో పాటు పాత ప్రాసెసర్ కూడా పంపుతున్నాను. మీ స్టోరులో పడెయ్యి.

నిన్న సాయంత్రం కూడా ఓడిపోయాను. ఆట అయ్యాక మీ అక్క గట్టు దగ్గర నిలబడి, ఎలా గెలిచిందో మొదట్నుంచి ఒక్కో ఎత్తూ చెప్పింది. ఈసారి కూరలు నేను తరిగాను.

బావ